మనలాంటి వాళ్లం ఫోన్లో ఒకరికొకరం తోడుండాలంటే: చిన్న గ్రూపు పెట్టి నడిపే పద్ధతి

సైకియాట్రీ ఓపీ బయట బెంచీ మీద నా పక్కన కూర్చున్నాయన టీ కప్పును రెండు చేతులతో పట్టుకుని తాగుతున్నాడు. నేనూ అంతే. "లిథియమా తమ్ముడూ?" అన్నాడు. "అవునన్నా, మీరూ?" అన్నాను. బైపోలార్‌కు, అంటే మనసు ఒకసారి విపరీతంగా ఎగసి ఒకసారి కుంగిపోయే జబ్బుకు, ఇచ్చే మందు అది, చేతులు వణికిస్తుంది. అక్కడి నుంచి రెండు గంటలు మాట్లాడుకున్నాం. లోపల డాక్టరు గారు నాకు ఇవ్వగలిగింది ఐదు నిమిషాలు, ఆయన తప్పేం లేదు, బయట అంత మంది ఉన్నారు. కానీ చెయ్యి వణుకుతుంటే చుట్టాల ముందు కాఫీ ఎలా తాగాలో (కప్పులో సగమే పోయించుకోవాలి, సాసర్ వద్దనాలి) నాకు చెప్పింది ఆ బెంచీ మీదాయనే.

దీన్నే పీర్ సపోర్ట్ అంటారు, అంటే అదే కష్టం పడ్డవాళ్లే ఒకరికొకరు ఆసరా అవడం. 1935లో అమెరికాలో తాగుడుతో అవస్థ పడ్డ ఇద్దరు కలిసి మొదలుపెట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ నడిచేదీ ఈ కిటుకు మీదే, తాగినవాడి మాట తాగినవాడే వింటాడు. మన మానసిక జబ్బులకూ అది వర్తిస్తుంది. బైపోలార్, డిప్రెషన్, స్కిజోఫ్రీనియా, ఓసీడీ, ఏదైనా సరే. ఆ బెంచీని ఫోన్లోకి ఎలా తెచ్చుకోవాలో చెబుతాను. ఇది వైద్యం కాదు, మందులకు బదులు అసలే కాదు, ఆ అనుమానంతో వచ్చినవాళ్లు ఉంటే ఇక్కడే తీర్చుకోండి.

ముందు మీ సంగతి చూసుకోండి

నా మొదటి గ్రూపు గురించి చెప్పకుండా ముందుకు పోలేను. అది నేను స్పీడు మీదున్నప్పుడు పెట్టాను. స్పీడంటే మనవాళ్లకు తెలుసు కదా, రోజుకు మూడు గంటల నిద్ర, బుర్ర నిండా ఐడియాలు, లోకాన్నంతా నేనే బాగుచేసేస్తానన్న నమ్మకం. నాలుగు రోజుల్లో నూట నలభై మందిని చేర్చాను, లోగో చేయించాను, జిల్లాకొకటి అని ఇంకో మూడు గ్రూపులు తెరిచాను. ఆరో వారానికి డిప్రెషన్‌లోకి జారిపోయి ఫోను ముట్టుకోవడం మానేశాను. సరిగ్గా ఆ రోజుల్లోనే ఒకమ్మాయి రాత్రి పదకొండింటికి "ఇక నావల్ల కాదు" అని పెట్టింది. నూట నలభై మందిలో ఒక్కరూ పలకలేదు. ఎవరో ఒకరు పలుకుతార్లే అని ప్రతి ఒక్కరూ అనుకున్నారు. పొద్దున ఎనిమిదింటికి ఒక పెద్దాయన చూసి ఆమెకు ఫోన్ చేశారు. ఆమె క్షేమం, ఇప్పటికీ మాతోనే ఉంది. ఆ తొమ్మిది గంటలూ గ్రూపుకు అడ్మిన్‌ని నేనే.

కాబట్టి కింద చెప్పేదంతా ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది: నడిపేవాడు కూడా పేషెంటే. మీరు మంచం మీద ముసుగుతన్ని పడుకున్న నెలలో కూడా గ్రూపు నడవాలి, అలా కట్టుకోవాలి.

కనీసం మూడు నెలలుగా నిద్ర, మందులు, పని ఒక గాడిలో ఉంటేనే మొదలుపెట్టండి. మొన్ననే డిశ్చార్జి అయ్యుంటే ఇప్పుడు వద్దు, ఇంకెవరైనా నడుపుతున్నదాంట్లో చేరండి. ఒక్క రాత్రిలో వచ్చిన గొప్ప ఆలోచనైతే నెల ఆగండి, నెల తర్వాత కూడా అంతే గొప్పగా ఉంటే అప్పుడు చూద్దాం. మీ డాక్టరుకూ, ఇంట్లో ఒక్కరికైనా ఈ సంగతి చెప్పి పెట్టండి. ఇంకో ఇద్దరు అడ్మిన్లు దొరికేదాకా గ్రూపు తెరవొద్దు, ముగ్గురూ ఒకేసారి పడిపోవడం అరుదు. వీలైతే ఆ ముగ్గురిలో ఒకరు జబ్బు లేని మనిషైనా, అంటే ఎవరి అక్కో, భర్తో అయినా ఫర్వాలేదు, కాకపోతే వాళ్లు గ్రూపులో మాట్లాడకూడదు, వెనక ఉండాలి.

ఎంతమంది అంటే, ఎనిమిది నుంచి పన్నెండు మంది. పదమూడో వాళ్లు వస్తే ఇంకో గ్రూపు, ఇంకో ముగ్గురు అడ్మిన్లు. వాట్సాప్ వెయ్యి మందికి పైగా చేర్చుకోనిస్తుంది, అది వాళ్ల గొప్ప. మనకు కావాల్సింది ఎవరు మూడు రోజులుగా మాట్లాడలేదో లెక్క తెలిసే సైజు.

ఏ యాప్

ఇక్కడ కాస్త నిలబడి ఆలోచించాలి, ఎందుకంటే మన ఊళ్లలో జబ్బు కంటే జబ్బు సంగతి బయటపడటం పెద్ద భయం. చెల్లెలి పెళ్లి సంబంధం దాకా పోతుంది వ్యవహారం.

వాట్సాప్ అందరి దగ్గరా ఉంది, అమ్మమ్మకూ వాడటం వచ్చు. చిక్కల్లా గ్రూపులో ఉన్న ప్రతివాళ్లకూ మీ నంబరు కనిపిస్తుంది. ఆ నంబరు ట్రూకాలర్‌లో కొడితే ఇంటిపేరుతో సహా వచ్చేయొచ్చు. మీరు "కృష్ణ" అని పేరు మార్చుకుని చేరినా లాభం లేదు. టెలిగ్రామ్‌లో నంబరు ఎవరికీ కనపడకుండా పెట్టుకోవచ్చు, ప్రైవసీ సెట్టింగుల్లో ఫోన్ నంబర్ దగ్గర "నోబడీ" అని ఎంచుకోవాలి, కానీ టెలిగ్రామ్ గ్రూపు మాటలకు వాట్సాప్‌లో ఉన్నట్టు ఇటు చివరి నుంచి అటు చివరి దాకా తాళం (మధ్యలో కంపెనీవాళ్లు కూడా చదవలేకుండా చేసేది) ఉండదు, అవి వాళ్ల సర్వర్లో ఉంటాయి. సిగ్నల్ అనే యాప్‌లో రెండూ ఉన్నాయి, తాళమూ ఉంది, 2024 నుంచి నంబరు దాచుకుని యూజర్‌నేమ్‌తో ఉండొచ్చు. అన్నిట్లోకీ నాకు అదే నచ్చుతుంది. కానీ మా వాళ్లను వేసుకోమంటే "సిగ్నలా? ఏ సెంటర్లో?" అన్నారు. మీ వాళ్లు వేసుకుంటారనుకుంటే అదే వాడండి. లేకపోతే, రెండో సిమ్ పెట్టుకోగలిగినవాళ్లు దాంతో వాట్సాప్ వాడటం మధ్యే మార్గం. మేమలాగే చేశాం.

ఫేస్‌బుక్ గ్రూపు జోలికి మాత్రం పోకండి. ఒకే గ్రూపులో ఉన్నవాళ్లను "వీళ్లు మీకు తెలిసి ఉండొచ్చు" అని చూపించే అలవాటు దానికుంది. మీ మేనత్త కొడుక్కి మీ సైకియాట్రీ స్నేహితుల్ని పరిచయం చేస్తుంది.

స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లను వదిలేయొద్దు. బటన్ల ఫోన్లో కూడా కాన్ఫరెన్స్ కాల్ కలపొచ్చు, నలుగురైదుగురు హాయిగా మాట్లాడుకోవచ్చు. మాలో ఒకావిడ అలాగే వారానికొకసారి కలుస్తుంది, అందరికంటే ఎక్కువ నవ్వించేదీ ఆవిడే.

తెరిచే ముందు సెట్టింగులు

గ్రూపు పేరులో జబ్బు పేరు ఉండకూడదు. "బైపోలార్ వారియర్స్" అని పెడితే ఆఫీసులో టేబుల్ మీద ఫోన్ మోగిన ప్రతిసారీ ఆ పేరు తెర మీద మెరుస్తుంది. మాది "ఆదివారం కూరగాయలు". మూడేళ్లయింది, మా ఇంట్లో ఇప్పటికీ ఒకరిద్దరు అది అపార్ట్‌మెంటు వాళ్ల గ్రూపనే అనుకుంటున్నారు. డీపీ కూడా వంకాయే.

అడ్మిన్ ఒప్పుకుంటేనే కొత్తవాళ్లు చేరే సెట్టింగు ఆన్ చేయండి, చేరే లింకును ఎక్కడా పారేయకండి. మెసేజ్‌లు ఏడు రోజులకు మాయమయ్యేట్టు పెట్టండి, అయితే స్క్రీన్‌షాట్ తీసేవాణ్ని అది ఆపలేదని గుర్తుంచుకోండి. ఫొటోలు గ్యాలరీలోకి దిగకుండా ఆపుకోండి, లేదంటే పెళ్లి ఫొటోలు చూద్దామని మీ ఫోను తీసుకున్న ఆడపడుచుకు మందుల చీటీలు కనిపిస్తాయి. తాళం పడిన తెర మీద మెసేజ్ కనపడకుండా చేసుకోండి, ఆ చాట్‌ను విడిగా లాక్ చేసుకోండి. ఆఫీసు కంప్యూటర్లో వాట్సాప్ తెరిచి వదిలేశారేమో లింక్డ్ డివైసెస్‌లో ఒకసారి చూసుకోండి. ఇవన్నీ కొత్తగా చేరినవాళ్లకు ఫోన్లో పక్కనుండి చేయించండి, చదువుకుని చేసుకోమంటే ఎవరూ చేయరు.

చేర్చుకునేటప్పుడు

పావుగంట ఫోన్లో మాట్లాడండి. సర్టిఫికెట్లు అడగొద్దు, జబ్బు పేరు కూడా చెబితే వినండి, లేకపోతే లేదు. అడగాల్సినవి వేరే ఉన్నాయి. మీ ఫోను ఇంకెవరు చూస్తారు? మీకు బాగోలేనప్పుడు బయటికి ఎలా కనిపిస్తుంది? అప్పుడు మేం ఎవరికి ఫోన్ చేయాలి, ఎవరికి చేయకూడదు? ఆఖరి ప్రశ్న ముఖ్యం, కొందరికి ఇంట్లోవాళ్లే ప్రమాదం. ఆ నంబరు, ఏ ఊరు, ఏ వీధి అన్నవి అడ్మిన్ల దగ్గర కాగితం నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. క్లౌడ్‌లో వద్దు.

ఇంకో ఒప్పందం కూడా అప్పుడే చేసుకోండి. మన 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టంలో అడ్వాన్స్ డైరెక్టివ్ అని ఒకటుంది, బాగోలేనప్పుడు నాకు ఎలాంటి వైద్యం కావాలో, ఏది వద్దో బాగున్నప్పుడే రాసిపెట్టుకునే హక్కు అది. దాని చిన్న తమ్ముణ్ని మేం గ్రూపుకు పెట్టుకున్నాం. ప్రతివాళ్లూ రెండు వాక్యాలు రాసిస్తారు. "నేను తెల్లవారుజామున వరసగా మెసేజ్‌లు పెడుతుంటే నన్ను వారం పక్కన పెట్టి మా అన్నకు ఫోన్ చేయండి" అని ఒకాయన రాశాడు. నాలుగు నెలలకు అవసరం పడింది. తిట్టాడు, తర్వాత థాంక్స్ చెప్పాడు, తర్వాత మళ్లీ తిట్టాడు.

రూల్స్

పైన పిన్ చేసే రూల్స్ ఐదారు లైన్లకు మించొద్దు, ఎవరూ చదవరు. ఇక్కడి మాట బయటికి పోకూడదు. ఫార్వర్డులు వద్దు, ఫలానా కషాయం తాగితే డిప్రెషన్ పోతుందనేవి మరీ వద్దు, ఏఐ యాప్‌ని అడిగి అతికించే జవాబులూ అంతే. అప్పులు అడగొద్దు, ఇవ్వొద్దు. స్పీడు మీదున్నవాడు చేతికి ఎముక లేకుండా ఇచ్చేస్తాడు, దిగాక కుంగిపోతాడు. పర్సనల్ మెసేజ్ పెట్టేముందు గ్రూపులో అడిగి పెట్టాలి. ఇది ఆడవాళ్ల కోసం పెట్టిన రూలని నేరుగానే చెబుతాం, "జస్ట్ హాయ్ అన్నాను అంతే కదా" అన్నవాళ్లను రెండోసారి అడగకుండా తీసేశాం, అందులో మొహమాటం పెట్టుకోకండి.

మందుల మాట దగ్గర గీత సన్నగా ఉంటుంది. "నాకు లిథియంతో చేతులు వణికాయి, చెబితే డాక్టరు డోసు మార్చారు" అనొచ్చు. "నువ్వు సగం వేసుకో" అనకూడదు. పనికొచ్చే సమాచారాన్ని మాత్రం ఆపకండి. ఎండాకాలం ఒంట్లో నీరు తగ్గినా, బీపీ అని ఉప్పు ఒక్కసారిగా మానేసినా, మోకాళ్ల నొప్పికి ఐబుప్రొఫెన్ లాంటివి వేసుకున్నా రక్తంలో లిథియం పెరిగే ప్రమాదం ఉంది. చాలామందికి ఇది తెలియదు, మెడికల్ షాపు అబ్బాయీ అడగడు. ఇలాంటివి చెప్పి, "నీ డాక్టరుకు ఒకసారి ఫోన్ చెయ్యి" అని ముగించండి. మందు మానేస్తానని ఎవరైనా అంటే వాదించకుండా "డాక్టరుకు చెప్పాకే మానతానని మాటివ్వు" అనండి, మా దగ్గర చాలాసార్లు పనిచేసింది.

ఎలా పలకాలి

ఒకావిడ పెట్టింది: "నాలుగు రోజులైంది స్నానం చేసి."

"పాజిటివ్‌గా ఆలోచించండి", "యోగా ట్రై చేయండి", "మీకంటే కష్టాల్లో ఉన్నవాళ్లను చూడండి". ఈ మూడూ ఆమెకు ఇంట్లోనే దొరుకుతున్నాయి, వాటి కోసం మన దగ్గరికి రానక్కర్లేదు. మాలో ఒకాయన ఇలా రాశాడు: "నాకు పోయిన నెల ఆరు రోజులు. ఐదో రోజు కాళ్లు మాత్రం కడుక్కున్నా. అది కూడా లెక్కేనక్కా." ఆవిడ ఆ సాయంత్రం కాళ్లు కడుక్కున్న ఫొటో పెట్టింది. మేం నవ్వాం, ఆవిడా నవ్వింది. పీర్ సపోర్ట్ అంటే ఇంకేం లేదు.

ఏం చెప్పాలో తోచకపోతే "ఊరికే వినమంటావా, ఏమన్నా చెప్పమంటావా?" అని అడగండి. చాలాసార్లు వినమనే అంటారు.

వాయిస్ మెసేజ్‌లు మనకు వరం. మందుల మత్తులో అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపించే రోజుల్లో టైపు చేయడం నరకం, పైగా గొంతు వింటే మనిషి ఎలా ఉన్నాడో తెలిసిపోతుంది. రెండు నిమిషాలు దాటొద్దని మాత్రం చెప్పుకోండి. వినేటప్పుడు ఇయర్‌ఫోన్ తప్పనిసరి, స్పీకర్లో పెట్టి వంట చేసుకుంటూ వినడానికి ఇవి పాటలు కావు.

వారానికొకసారి కలవండి

వీడియో కాల్ ఒకటి ఉండాలి, కెమెరా ఆపేసుకునే హక్కుతో. జూమ్ ఉచితంగా నలభై నిమిషాలిస్తుంది, గూగుల్ మీట్ గంట ఇస్తుంది. నలభై నిమిషాలే నయం, దానంతట అదే తెగిపోతుంది కాబట్టి ఎవరూ ఎవర్నీ ఆపాల్సిన పని లేదు. చేరేముందు తెర మీద పేరు మార్చుకోవడం మర్చిపోవద్దు. రాత్రి మందులు వేసుకున్నాక తొమ్మిదికే మన పని అయిపోతుంది, పొద్దున పది దాకా బుర్ర తేలదు, అందుకని ఆదివారం సాయంత్రం ఆరు మంచిది. డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో చేరేవాళ్లకు అది ఆదివారం పొద్దున అవుతుంది. ఒంటరిగా రూములో ఉండే మన స్టూడెంట్లకు ఆ నలభై నిమిషాలు ఎంతో తెలుసా, కొందరు మాట్లాడరు కూడా, తెలుగు వినడానికి వస్తారు.

మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఈ వారం నిద్ర ఎన్ని గంటలు? బైపోలార్ వాళ్లకు ముందుగా తేడా వచ్చేది సాధారణంగా అక్కడే. మనిషికి మూడు నిమిషాలు. మిగిలిన టైములో పనికొచ్చే మాటలు: ఏ ప్రభుత్వాసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఏ రోజు, మందులు ఉచితంగా ఎక్కడ దొరుకుతున్నాయి, యూడీఐడీ కార్డుకు (వికలాంగుల గుర్తింపు కార్డు) ఎలా పెట్టుకోవాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక అనారోగ్యం కూడా ఉందని చాలామందికి మొదట మా కాల్‌లోనే తెలిసింది.

రాత్రి మూసేయండి

ఈ మాటకు చాలామంది నామీద కోప్పడతారు. మేం రాత్రి పదికి "అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టగలరు" అన్న సెట్టింగుకు మార్చేస్తాం, పొద్దున ఏడుకు తెరుస్తాం. రాత్రిళ్లే కదా కష్టం అంటారు, నిజమే. కానీ నిద్రమాత్ర వేసుకున్న పది మంది పేషెంట్లు నైట్ డ్యూటీ చేయలేరు. తెరిచి ఉంచితే ఎవరో వింటారన్న ఆశ పెట్టి, తీరా ఎవరూ లేకపోవడం అన్నిటికంటే ఘోరం. ఆ తొమ్మిది గంటలు నాకు నేర్పింది అదే. రాత్రి మూసేముందు పెట్టే చివరి మెసేజ్‌లో 14416 ఉంటుంది. అది టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది, ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఎవరికీ భయంగా లేని ఒక పగటిపూట అందరి చేతా ఒకసారి ఆ నంబరుకు ఫోన్ చేయించండి. మొదటిసారి చేసింది ప్రాణం మీదికొచ్చిన రాత్రి కాకూడదు.

ఎవరైనా చచ్చిపోవాలనుంది అంటే

టైపు చేయడం ఆపి ఫోన్ చేయండి. వెంటనే. ఒక అడ్మిన్ ఆ మనిషితో లైన్లో ఉంటే ఇంకొకరు నోటుబుక్కులోని నంబరుకు చేయాలి. "ఆత్మహత్య ఆలోచనలు వస్తున్నాయా?" అని నేరుగా అడగండి, అడిగితే లేని ఆలోచన పుడుతుందనేది అపోహ, అడిగితే చాలామందికి బరువు దిగుతుంది. ఇప్పుడు ఒంటరిగా ఉన్నారా, పక్కింట్లో ఎవరున్నారు, తలుపు గడియ తీస్తారా, ఇలాంటివి అడుగుతూ మాట్లాడిస్తూ ఉండండి. ప్రమాదం ఇప్పుడే ఉందనిపిస్తే 108 లేదా 112. అమెరికాలో ఉన్నవాళ్లకు 988.

పోలీసు కేసవుతుందని భయపడి 108కి చేయనివాళ్లున్నారు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ, శిక్షించకూడదనీ, ప్రభుత్వం ఆదుకోవాలనీ అదే 2017 చట్టం 115వ సెక్షన్ చెబుతోంది. ఇది గ్రూపులో ముందే చెప్పి ఉంచండి.

ఎలా చేసుకోబోయారు, ఏంటి అన్న వివరాలు గ్రూపులో రాకూడదు, వస్తే అడ్మిన్ చెరిపేయాలి. తర్వాత "తను ఇంట్లోవాళ్లతో ఉంది, క్షేమం" అని ఒక లైను చాలు. ఆ రాత్రి లైన్లో ఉన్న అడ్మిన్‌కు మర్నాడు ఇంకో అడ్మిన్ ఫోన్ చేసి తిన్నావా, పడుకున్నావా అని అడగాలి, ఇది మేం మొదట్లో మర్చిపోయేవాళ్లం.

ఇంకో రకం చిక్కు. "మీరంతా నా గురించే కోడ్ భాషలో మాట్లాడుకుంటున్నారు" అని ఎవరైనా అంటే, అదేం లేదని వాదించకండి, అవునని తలూపకండి కూడా. భయంగా ఉన్నట్టుంది అని మాత్రం అని, ఫోన్ చేసి, ఇంటివాళ్లకు చెప్పండి. మన యాప్‌లు ఆ అనుమానానికి నెయ్యి పోస్తాయి, ఎవరు చదివారో టిక్కులతో సహా చూపిస్తాయి కదా. వాట్సాప్‌లో బ్లూ టిక్కులు ఆపుకున్నా గ్రూపుల్లో ఆగవు. "చదివి పలక్కపోతే అలసిపోయి ఉన్నామని అర్థం, కోపం కాదు" అని మా రూల్స్‌లో ఆఖరి లైను అందుకే పెట్టాం. చెప్పాపెట్టకుండా ఎవర్నీ తీసేయకండి, ముందు గొంతుతో చెప్పి తర్వాత తీయండి.

మీ వంతు వచ్చినప్పుడు

అడ్మిన్ పని మూడు నెలలకోసారి చేతులు మారాలి. బాగున్నా మారాలి, అప్పుడే బాగోలేనప్పుడు దిగిపోవడం సిగ్గనిపించదు. గ్రూపు నీరసించిపోతే లాగొద్దు, రెండు వారాలు ముందు చెప్పి, ఆఖరి కాల్ పెట్టుకుని, అందర్నీ పంపేసి మూసేయండి, నోటుబుక్కు చింపేయండి.

నా రెండు వాక్యాలు నోటుబుక్కు మొదటి పేజీలోనే ఉంటాయి. "నేను కొత్త గ్రూపు పెడదాం, లోగో మారుద్దాం అంటే ఆ రోజే నా అడ్మిన్ తీసేసి మా ఆవిడకు ఫోన్ చేయండి. పది రోజులు నేను మాట్లాడకపోతే మీమ్స్ పంపకండి, మనిషి ఇంటికి రండి." ఇప్పటికి మొదటిది రెండుసార్లు, రెండోది ఒకసారి వాడారు.